కావలివాడు ఎవరి మనిషి?

ఉస్మానియా యూనివర్సిటీ పోలీస్ స్టేషన్, హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్ పోలీస్ స్టేషన్, తిరుపతిలో ఎస్వీయూ క్యాంపస్ పోలీస్ స్టేషన్. తెలుగువాళ్ళ మూడు పెద్ద విశ్వవిద్యాలయాల పేర్లతోనే మూడు ఠాణాలున్నాయి. బోర్డు చదివితే అది విశ్వవిద్యాలయం వాళ్ళ స్టేషనే అనిపిస్తుంది. కాదు. అమెరికాలోలాగా యూనివర్సిటీ తానే జీతమిచ్చి పెట్టుకునే పోలీసు శాఖ మన దగ్గర లేదు. ఎస్సై ప్రభుత్వ మనిషి. హాస్టల్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే సెక్యూరిటీ గార్డు ఏదో కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి. వార్డెన్ ఏమో పొద్దున క్లాసులో పాఠం చెప్పే ప్రొఫెసర్. రాత్రి పదకొండుకి హాస్టల్లో గొడవైతే వీళ్ళలో ఎవరిని పిలవాలి, పిలిస్తే వచ్చినవాడు ఎవరి తరఫున వస్తాడు అన్నది మొదటి సంవత్సరం కుర్రాడికి ఎవరూ చెప్పరు. వాడే తెలుసుకుంటాడు. తెలుసుకునే పద్ధతి ఎక్కువసార్లు బాగుండదు.

పోలీసులకీ హాస్టల్ విద్యార్థులకీ మధ్య నమ్మకం పెంచాలని మీటింగులు చాలా జరుగుతుంటాయి. వాటిలో నమ్మకం అంటే స్నేహంగా ఉండటం, నవ్వుతూ పలకరించడం. చరిత్ర చూస్తే మాత్రం నమ్మకం ఆ దారిలో వచ్చినట్టు కనబడదు. కావలి కాసేవాడు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్న పాత ప్రశ్న దగ్గరే అది ప్రతిసారీ నిలబడటమో, పడిపోవటమో జరిగింది.

ఆ పాత ప్రశ్న కోసం ఎస్వీయూ హాస్టళ్ళ నుంచి పుత్తూరు మీదుగా ఓ అరపూట దూరం వెళ్తే చాలు, కార్వేటినగరం వస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక తిరుపతి ఒక జిల్లా, కార్వేటినగరం ఉన్న చిత్తూరు ఒక జిల్లా అయ్యాయి గానీ, ఆ ఊరి పిల్లలు డిగ్రీకో పీజీకో తిరుపతి బస్సెక్కడం మారలేదు. సాహిత్యం చదివేవాళ్ళకు కార్వేటినగరం అంటే సారంగపాణి పదాలు, వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి. నాకు ఇక్కడ కావలసింది ఆ పదాలు కాదు, ఆ పదకర్తల్ని పోషించిన సంస్థానం చేతిలో ఒకప్పుడు ఉండి, తర్వాత జారిపోయిన ఒక హక్కు. దాని పేరు కావలి.

కంపెనీ రికార్డుల్లో ఈ సంస్థానం పేరు బొమ్మరాజు పాళెం. వెంకటగిరి, కాళహస్తి, సైదాపురం పాళేలతో కలిపి దీన్ని పడమటి పాళేలు అనేవాళ్ళు. పాళెగాడు పన్ను వసూలు చేసేవాడే కాదు, కావలి కూడా అతనిదే. ఊళ్ళు అతని మనుషులకు ధాన్యంలో కొంత వాటానో, మడకకింత అనో ఇచ్చేవి. కట్టుబడి బంట్లకు మాన్యం భూములుండేవి. బదులుగా రాత్రి గస్తీ, సంతకు పోయే దారుల రక్షణ వాళ్ళ పని. ఈ ఏర్పాటులో అసలు మెలిక ఇంకొకటుంది. దొంగతనం జరిగితే కావలిగాడు దొంగను పట్టుకోవాలి, లేదా పోయిన సొమ్ముకు నష్టపరిహారం తనే కట్టాలి. అడుగుజాడ పట్టుకుని పోతే అది పక్క ఊరి పొలిమేర దాటిందనుకోండి, బాధ్యత ఆ ఊరి కావలిగాడి మీదికి పోతుంది. పోలీసు విఫలమైతే ఆ నష్టం పోలీసుదే అనే సూత్రం ఇది. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది.

ఇదేమీ బంగారు కాలం కాదు. కావలిగాళ్ళు దొంగలతో కుమ్మక్కై, సొమ్ము తిరిగిచ్చినందుకు మళ్ళీ వసూలు చేసుకునేవాళ్ళని కంపెనీ అధికారులు రాసిపెట్టారు. అందులో నిజం లేకపోలేదు. కంచే చేను మేస్తే అన్న సామెత మనవాళ్ళకు ఊరికే పుట్టిందా? కావలి రుసుం ఇవ్వని ఊరికి ఆ ఏడు దొంగల భయం ఎక్కువుండటం కూడా మామూలే. అయినా ఊరివాళ్ళకు ఒకటి తెలుసు. కావలిగాడు ఎవరో, వాడి ఇల్లెక్కడో, పోయింది ఎవర్ని అడగాలో.

1802లో శాశ్వత శిస్తు ఒప్పందంతో పడమటి పాళెగాళ్ళు జమీందార్లయ్యారు. సాయుధ బంట్ల బదులు పేష్కష్ పెరిగింది, కావలి హక్కు కంపెనీకి పోయింది. అదే ఏడు వచ్చిన రెగ్యులేషన్‌తో మద్రాసు రాజధానిలో దరోగాల పోలీసు మొదలైంది. చిత్తూరుకు దగ్గర్లోని చిన్న పాళేలు 1804లో తిరగబడితే సైన్యం వచ్చి అణిచేసింది. బొమ్మరాజు వంశం మాత్రం జమీందారీగా మిగిలింది. దరోగాలు ఊరికి పరాయివాళ్ళు కాబట్టి వాళ్ళవల్ల కాదని థామస్ మన్రో పట్టుబట్టాడు. 1816 రెగ్యులేషన్ మళ్ళీ గ్రామాధికారికీ తలారికీ పోలీసు పని అప్పగించింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చేసరికి ఆ ఊగిసలాట కూడా అయిపోయింది. యూనిఫాం, ఠాణా, పైన ఇన్‌స్పెక్టర్ జనరల్. ఐర్లాండ్‌లో బ్రిటిష్ ప్రభుత్వం జనాన్ని అదుపులో పెట్టడానికి తయారుచేసుకున్న బలగం దీనికి నమూనా. కానిస్టేబుల్ ఇక మీది వాళ్ళకు జవాబు చెప్తాడు, కింద ఊరికి కాదు. ఈ రోజు క్యాంపస్ ఠాణాలో కూర్చున్న ఎస్సై వారసత్వం ఈ చట్టానిదే, కార్వేటినగరం కట్టుబడిది కాదు.

ఇప్పుడు హాస్టల్ సంగతి. మన చదువుల చరిత్రలో హాస్టల్ అంటే పడుకునే చోటు మాత్రమే కాదు. పల్లె నుంచి పట్నం వచ్చిన మొదటి తరం వాళ్ళకు అది రెండో ఇల్లు, లైబ్రరీ, రాజకీయ పాఠశాల. వింత ఏమిటంటే, అలాంటి హాస్టళ్ళలో చరిత్రకెక్కిన ఒకదాన్ని నిలబెట్టింది ఒక పోలీసు.

1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలైంది. దాని వెనకున్న మనిషి వెంకటరామారెడ్డి, వనపర్తి ప్రాంతం వాడు, నిజాం పోలీసు శాఖలో కింది నుంచి ఎదిగినవాడు. 1920లో నగర కొత్వాల్ అయ్యాడు. ఇవాళ్టి లెక్కలో పోలీసు కమిషనర్. 1934 దాకా ఆ పదవిలో ఉన్నాడు. రాజబహద్దూర్ బిరుదు కూడా వచ్చింది. సంస్థానాధీశుల దగ్గరా, పింగళి వెంకటరామారెడ్డి లాంటి సంపన్నుల దగ్గరా చందాలు పోగుచేసి హాస్టల్ నడిపించాడు. జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చిన తెలుగు పిల్లలకు అప్పట్లో తలదాచుకునే చోటు దొరకడమే కష్టం. చదువు ఉర్దూలో, ఊరు పరాయి. ఆ పరిస్థితిలో కొత్వాల్ సాబ్ హాస్టల్ అంటే ఎంత ధైర్యమో ఊహించుకోవచ్చు.

ఇదే కొత్వాల్ కింద పనిచేసే పోలీసులే నగరంలో సభల మీద నిఘా పెట్టేవాళ్ళు. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 తెలంగాణ చరిత్ర చదివిన అందరికీ తెలిసిందే. ఆ నిబంధనల రాజ్యంలో కొత్వాల్ నిలబెట్టిన హాస్టల్ 1920లలో ఎవరి చేతుల్లో నడిచింది? సురవరం ప్రతాపరెడ్డి చేతుల్లో. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం. హాస్టల్లో లైబ్రరీ పెరిగింది, తెలుగు చదవడం, చర్చించడం అలవాటయ్యాయి. ఆ గదుల్లో ఉన్నవాళ్ళలో రావి నారాయణరెడ్డి ఒకడు. 1930లో చదువు వదిలి కాకినాడ వెళ్ళి ఉప్పు సత్యాగ్రహంలో చేరాడు, తర్వాతి కాలంలో తెలంగాణ సాయుధ పోరాట నాయకుడయ్యాడు. కొత్వాల్ అన్నం పెట్టిన హాస్టల్ నుంచి నిజాం మీదికి తిరగబడినవాళ్ళు వచ్చారు. సురవరం తర్వాత ఈ కొత్వాల్ జీవిత చరిత్ర రాశాడు. పోలీసు అధికారి మీద ప్రతిపక్ష పత్రిక సంపాదకుడు ఇష్టంగా పుస్తకం రాయడం మన దగ్గర ఎన్నిసార్లు జరిగింటుంది?

దీన్ని ఆదర్శ కథగా చెప్పుకోవాలని టెంప్టేషన్ వస్తుంది. నేను అంతదూరం పోను. ఆ నమ్మకానికి పునాది కులం. కొత్వాల్ 'మనవాడు' కాబట్టి అతని హాస్టల్ 'మనది'. అంటే పాత కావలి సూత్రమే కొత్త బట్టలేసుకుని వచ్చింది: కాచేవాడు మన మనిషి, పొద్దున్నే వెళ్ళి అడగొచ్చు. ఏ కులానికి కొత్వాల్ లేడో వాళ్ళ పిల్లలకు ఈ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? అయినా ఈ కథలో ఒకటి తీసిపారేయలేం. పోలీసు అధికారి హాస్టల్లోకి సోదా కోసం కాకుండా, అన్నం, చందాలు, లెక్కల కోసం వచ్చాడు. వచ్చినవాడు ఎవరో తెలుసు, ఎందుకొచ్చాడో తెలుసు.

కొత్వాల్ పదవి దిగిన నాలుగేళ్ళకు, 1938 నవంబరులో, ఉస్మానియా హాస్టళ్ళలో అసలు పరీక్ష వచ్చింది. హాస్టల్ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడుతున్నారు. పాడకూడదని అధికారులు నిషేధించారు. మానమని పిల్లలు భీష్మించారు. క్లాసులు బహిష్కరించారు. వందలమందిని ముందు హాస్టళ్ళ నుంచి, తర్వాత విశ్వవిద్యాలయం నుంచి పంపేశారు. వరంగల్‌కూ, ఇతర ఊళ్ళ కాలేజీలకూ అది పాకింది. నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపులు తీయకపోతే వాళ్ళ చదువులు అక్కడితో ఆగేవి. అలా వరంగల్ నుంచి నాగపూర్ వెళ్ళినవాళ్ళలో పి.వి. నరసింహారావు ఉన్నాడని అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ పేరు కన్నా ముఖ్యంగా తోచేది వేరే. ఈ కథ మొదలైనప్పుడు లాఠీలు లేవు. విద్యార్థిని నడిరోడ్డు మీద నిలబెట్టడానికి గది తాళం, రిజిస్టర్‌లో కొట్టివేసిన పేరు సరిపోయాయి. పోలీసులంటే భయం మొదలవ్వడానికి ముందే వార్డెన్ అంటే నమ్మకం పోయింది. మన క్యాంపస్‌లలో తర్వాత జరిగిన చాలా గొడవల్లో ఇదే వరుస కనిపిస్తుంది.

ఇక్కడ కొంచెం పక్కకు, అమెరికాకు వెళ్ళొద్దాం, ఎందుకంటే క్యాంపస్ పోలీసు అనే ఆలోచన పుట్టిందే విద్యార్థుల అపనమ్మకం నుంచి. 1894. న్యూ హేవెన్ ఊరివాళ్ళకూ యేల్ విద్యార్థులకూ పడదు. వైద్య కళాశాల కోసం సమాధుల నుంచి శవాలు ఎత్తుకెళ్తున్నారని ఊళ్ళో పుకార్లు. విద్యార్థులకూ నగర పోలీసులకూ తరచూ కొట్లాటలు. చివరికి నగర పోలీసు శాఖ నుంచి ఇద్దర్ని, బిల్ వైజర్, జిమ్ డానలీ అనేవాళ్ళను, యేల్‌కే ప్రత్యేకంగా కేటాయించారు. మొదట్లో విద్యార్థులు వీళ్ళను గూఢచారులనుకున్నారు. అనుకోరా మరి? కానీ రోజూ అదే ఇద్దరు మనుషులు, అవే మెట్లు, అవే గదులు. కొన్నాళ్ళకు వీళ్ళు తమ వస్తువులకూ తమకూ కాపలా అని విద్యార్థులకు నమ్మకం కుదిరింది. వైజర్ 1914లో తన జ్ఞాపకాలు పుస్తకంగా వేశాడు. గస్తీ తిరిగిన కానిస్టేబుల్ విద్యార్థుల గురించి ప్రేమగా పుస్తకం రాశాడంటే, సురవరం కొత్వాల్ మీద రాసినదానికి అది తిరగేసిన అద్దంలా ఉంటుంది.

అయితే అమెరికా కథ కూడా అక్కడ ఆగలేదు. 1970 మే 15 తెల్లవారుజామున మిసిసిపీలో నల్లజాతి విద్యార్థులు చదువుకునే జాక్సన్ స్టేట్ కాలేజీలో, నగర పోలీసులూ రాష్ట్ర గస్తీ పోలీసులూ అమ్మాయిల హాస్టల్ అలెగ్జాండర్ హాల్ వైపు అర నిమిషంపాటు తుపాకులు పేల్చారు. భవనానికి నాలుగు వందలకు పైగా దెబ్బలు. ఇద్దరు చనిపోయారు, 12 మంది గాయపడ్డారు. ఇది అర్థంలేని, సమర్థించలేని అతి చర్య అని అధ్యక్షుడు వేసిన స్క్రాంటన్ కమిషన్ తేల్చింది. ఒక్కరికీ శిక్ష పడలేదు. పదకొండు రోజుల ముందు కెంట్ స్టేట్‌లో తెల్ల విద్యార్థులు చనిపోయిన కాల్పులు ప్రపంచమంతా గుర్తుంచుకుంది, హాస్టల్ మీద జరిగిన ఈ కాల్పులను అంతగా గుర్తుంచుకోలేదు. యేల్‌లో ఇద్దరు కానిస్టేబుళ్ళతో కుదిరిన నమ్మకం ఎవరి పిల్లలకు దొరుకుతుంది, ఎవరి పిల్లలకు దొరకదు అన్న ప్రశ్న అక్కడా మనదే.

మన దగ్గర ఆ కాలం ఎలా గడిచిందో త్వరగా చెప్పేస్తాను. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమం, హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో జార్జ్ రెడ్డి హత్య. అది పోలీసులు చేసింది కాదు, క్యాంపస్ ప్రత్యర్థి ముఠా కత్తులది. హాస్టల్ పిల్లవాడికి పోలీసు రావడమొక్కటే ప్రమాదం కాదు, పోలీసు రక్షణ దొరక్కపోవడమూ ప్రమాదమే అని గుర్తుచేసే సంఘటన అది.

ఎమర్జెన్సీ వచ్చాక లెక్క మారిపోయింది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. వాళ్ళలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్.ఇ.సి. విద్యార్థి. 1977లో జస్టిస్ తార్కుండే అధ్యక్షతన పౌరుల కమిటీ వచ్చింది. కె.జి. కన్నబిరాన్, కాళోజీ లాంటివాళ్ళు అందులో పనిచేశారు. వాళ్ళు ఊరూరా తిరిగి సాక్ష్యాలు సేకరించి, ఆ నలుగురినీ ముందే పట్టుకుని, చెట్లకు కట్టి కాల్చారని తేల్చారు. తర్వాత ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. బహిరంగంగా మొదలైన విచారణను మధ్యలో తలుపులు మూసి జరపమన్నారు. హక్కుల కమిటీ వాళ్ళు బయటికొచ్చేశారు. ఇన్ని కమిషన్లలో ఈ తలుపులు మూయడం నన్ను ఎక్కువ ఆపుతుంది. తప్పు జరిగినప్పుడు కాక, ఆ తప్పును జనం ముందు అడగనివ్వనప్పుడే ఒక తరం విద్యార్థులు పోలీసును ఇక నమ్మకూడదని నిర్ణయించుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు వరంగల్, హైదరాబాద్ హాస్టళ్ళలో అర్ధరాత్రి తలుపు తట్టిన చప్పుడుకు ఒకే అర్థం ఉండేది.

2010 ఫిబ్రవరి నాటికి తరం మారింది. టీవీ కెమెరాలున్నాయి. తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థుల మీద, వాళ్ళతోపాటు విలేఖరుల మీద లాఠీలు పడ్డాయి. హైకోర్టు జోక్యం చేసుకుని, క్యాంపస్‌లో దింపిన కేంద్ర బలగాలను వెనక్కి పంపమంది. ఎవరూ పెద్దగా చెప్పుకోరు గానీ ఆ ఆదేశం చిన్న విషయం కాదు. హాస్టల్ చుట్టూ ఎవరు నిలబడాలి అనేది బయటివాళ్ళెవరో అడగొచ్చు, అడిగితే జవాబు చెప్పాలి అని ఒక న్యాయమూర్తి అన్నట్టయింది.

ఆరేళ్ళకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ కథ మొదలైంది కూడా హాస్టల్ దగ్గరే. ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ళ నుంచి పంపేశారు, వాళ్ళు బయట వెలివాడ అని పేరు పెట్టి టెంట్ వేసుకుని పడుకున్నారు. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. 1938లో వాడిన పనిముట్టే ఇది: గది తాళం. మార్చి 22న వైస్ చాన్సలర్ తిరిగి విధుల్లోకి వచ్చిన రోజు గొడవ జరిగింది, ఆయన నివాసంలో సామాను పగిలింది, పోలీసులు లాఠీచార్జీ చేశారు. పాతికమంది దాకా విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు చర్లపల్లి జైలుకు వెళ్ళారు. మెస్సులు మూతపడ్డాయి, నీళ్ళు, ఇంటర్నెట్ ఆగిపోయాయి, బయటివాళ్ళను గేటు లోపలికి రానివ్వలేదు. పిల్లలు బయట పొయ్యి పెట్టుకుని వండుకున్నారు. ఆ వారం అక్కడున్న విద్యార్థి దృష్టిలో వార్డెన్, గార్డు, ఎస్సై అనే తేడా ఏం మిగిలింటుంది? ముగ్గురూ ఒకే గేటు. నీళ్ళు ఎవరు ఆపారు అంటే ఒకరి మీద ఒకరు చూపించుకోవచ్చు, కానీ దప్పిక దాన్ని పట్టించుకోదు.

ఇంతా చెప్పి, పోలీసులు హాస్టల్ గుమ్మం తొక్కకూడదని తీర్మానించడం తేలిక. అలా అనేవాళ్ళున్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో రిషితేశ్వరి అనే ఆర్కిటెక్చర్ విద్యార్థిని హాస్టల్లో చనిపోయింది. ర్యాగింగ్ వేధింపుల ఆరోపణలు వచ్చాయి, ప్రభుత్వం కమిటీ వేసింది. ఉమ్మడి రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం, నేరం అనదగ్గ ర్యాగింగ్ గురించి తెలిసిన 24 గంటల్లో సంస్థ అధిపతి పోలీసులకు చెప్పి ఎఫ్ఐఆర్ పెట్టించాలి. చట్టమే పోలీసును హాస్టల్‌కు పిలుస్తోంది. పిలవాల్సింది ఎవరంటే, కాలేజీ పరువు పోతుందని భయపడే అధిపతే. ఆ 24 గంటలు చాలా చోట్ల 'మనలో మనం మాట్లాడుకుందాం' దగ్గరే ఆగిపోతాయి. సీనియర్ల మీద స్టేషన్‌కు పోతే తన పేరు ముందు బయటికొస్తుందని జూనియర్‌కు తెలుసు. అందుకే వాడు స్టేషన్‌కు కాదు, ఊరి నుంచి వచ్చిన ఏ అన్న దగ్గరికో పోతాడు. 'అన్నా, కొంచెం వచ్చి మాట్లాడన్నా' అంటాడు. మన హాస్టళ్ళలో ఇప్పటికీ అసలు కావలి ఈ అన్నలదే, కులం, జిల్లా, పార్టీ చూసి పనిచేసే కావలి. పాళెగాడి కావలిలాగే దానికీ రుసుం ఉంటుంది, ఏదో ఒక ఊరేగింపులో కట్టాల్సొస్తుంది.

దీనికి పోలీసు శాఖ జవాబు అవగాహన సదస్సులు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో మైత్రి అన్నారు, 2014లో తెలంగాణలో ఫ్రెండ్లీ పోలీసింగ్, షీ టీమ్స్ అన్నారు, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో దిశ యాప్ వచ్చింది, ఇప్పుడు గంజాయి మీద ఈగల్ విభాగం కాలేజీలకు వస్తోంది. ఇవి పనికిరానివని అనను. షీ టీమ్స్‌కు ఫోన్ చేసి బస్సులో వేధించేవాడిని పట్టించిన అమ్మాయిలున్నారు, అది వాళ్ళకు చిన్న విషయం కాదు. కానీ వేదిక మీద ఎస్పీ గారు, కింద ఆరు వందల మంది, చివర్లో సెల్ఫీ. ఇందులో విద్యార్థికి ప్రశ్న అడిగే హక్కు ఎంత ఉంది? నిరుడు మా హాస్టల్ సోదా చేసిన కాగితం చూపించండి అని ఎవరైనా మైకు తీసుకుని అడగగలరా? 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో ప్రత్యేక అథారిటీలు పెట్టమంది. సదస్సుల స్లైడ్లలో ఆ మాట ఉంటే ఎంత బాగుండు. తిరుపతిలోనో వరంగల్‌లోనో హాస్టల్ గోడ మీద పోలీసు నంబరు పక్కనే, ఆ పోలీసు మీదే ఫిర్యాదు చేసే చోటు చిరునామా కూడా రాసుంటే, నా అంచనా, ఆ నంబరుకు వచ్చే ఫోన్లే పెరుగుతాయి.

చివరగా ఒక కేసు. అది యూనివర్సిటీ హాస్టల్ కాదు, ప్రైవేటు హాస్టల్. తెలుగు రాష్ట్రాల్లో హాస్టల్లో ఉండే అమ్మాయిలకు పోలీసంటే ఏమిటో దానంతగా నేర్పిన కేసు ఇంకొకటి నాకు తోచదు. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఫార్మసీ చదువుతున్న ఆయేషా మీరాను హాస్టల్లోనే చంపారు. గోల మొదలైంది. నెలలు గడిచాక, 2008లో, నందిగామ దగ్గరి ఒక దళిత యువకుడిని పోలీసులు పట్టుకొచ్చి నిందితుడన్నారు. ఆయేషా తల్లిదండ్రులే మొదటి నుంచీ ఇతను కాదన్నారు. కూతుర్ని పోగొట్టుకున్నవాళ్ళు నిందితుడి తరఫున మాట్లాడిన కేసు అది. 2010లో విజయవాడ కోర్టు జీవిత ఖైదు వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. అతనికి లక్ష రూపాయలు చెల్లించమని కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. దర్యాప్తు చేసినవాళ్ళ మీద చర్యల మాట కూడా తీర్పులో ఉంది. పోయినదానికి కాచినవాడు కట్టాలన్న పాత కావలి లెక్కలో చూస్తే ఆ లక్ష ఏడాదికి పన్నెండు వేలు కూడా కాదు.

2018లో హైకోర్టు కేసును మళ్ళీ మొదటి నుంచి దర్యాప్తు చేయమని సీబీఐకి ఇచ్చింది. ఆ రాత్రి ఆ హాస్టల్లో పక్క గదుల్లో పడుకున్న అమ్మాయిలు అప్పటికి ముప్పై దగ్గరికి వచ్చుంటారు. వాళ్ళను కొత్తగా ఎవరో వచ్చి, ఆ రాత్రి ఏం విన్నావమ్మా అని మళ్ళీ అడగాలి.